చిటికెల చిలుక

సాన్ కార్లోస్, నికరాగువా
6 నవంబర్ 1993

మామగారు దోన్ ఎలాదియో గారికి,

మీరు నన్ను చూడలేదు, నేను మిమ్మల్ని చూడలేదు. నేను నిడియాని, మీ అన్సెల్మో భార్యని. ఆగస్టులో జ్వరం వచ్చి అతను పోయినప్పుడు మా చర్చి ఫాదర్ గారు మీకు తంతి కొట్టించారు. అది మీ కొండ ఎక్కేలోపే ఇక్కడ మట్టి చేసేయాల్సి వచ్చింది. మా ఎండలు అలాంటివి. ఆ తర్వాత ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా కాగితం తడిసిపోయేది తప్ప మాట పడేది కాదు.

ఇప్పుడు రాయక తప్పని పని ఒకటి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో అన్సెల్మో మా తొమాసా పిన్ని పెరటి కంచెకి ఒక తీగ పాకించాడు. ముట్టుకుంటే చెయ్యి మండిపోతుంది. "అల్లుళ్ళు అత్తారింటికి పట్టుబట్టలు తెస్తారు, నువ్వు దురదగొండి తెచ్చావేమిట్రా" అని పిన్ని తిట్టని రోజు లేదు. అతను నవ్వి, "దీనికోసం ఒక చుట్టం వస్తుంది, చూస్తూ ఉండండి" అనేవాడు. ఆ చుట్టం ఇప్పుడొచ్చింది. ఆకుల నిండా ముళ్ళ పురుగులు, గుంపులు గుంపులుగా. పిన్ని కిరసనాయిలు పోస్తానంటోంది. నేను అడ్డం నిలబడ్డాను.

వీటిని ఏం చెయ్యాలి? ఏం పెట్టాలి? మీరు సీతాకోకచిలుకలు పెంచి అమ్ముతారని అతను చెప్పేవాడు. మీ గురించి ఇంకా చాలా చెప్పేవాడు. అతని మాటల్లో మీరు గుమ్మంలో పట్టనంత మనిషి.

మీ కోడలు
నిడియా


సాంతా రీతా కొండ, కోస్తా రీకా
25 నవంబర్ 1993

నిడియా గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు, మీ పిన్నిగారు కులాసా అని తలుస్తాను. ఇక్కడ వాన. పొద్దున కాసేపు తెరిపి ఇచ్చింది.

అవి చిటికెల చిలుక పురుగులు. వాటికి ఏమీ పెట్టనక్కర్లేదు, ఆ తీగే వాటి తిండి. వాటిని చేత్తో తీయవద్దు. ఆకు అయిపోతే కొమ్మతో సహా పక్క తీగకి ఆనించండి, అవే నడిచిపోతాయి. కొన్నాళ్ళకి తిండి మానేసి, తలకిందులుగా వేలాడి, ఎండుటాకు చుట్టలా గూడు కట్టుకుంటాయి. అప్పుడు కదపవద్దు. పైకి వచ్చాక మగ్గిన అరటిపండు పెడితే చాలు. పువ్వుల జోలికి పోవు.

రెక్కలు బెరడు రంగు. బూడిద మీద కాస్త నీలం చిలకరించినట్టు ఉంటుంది. చెట్టు మానుకి తల కిందికి పెట్టి, రెక్కలు పరిచి అంటుకుపోతుంది. మీ ముక్కు ముందున్నా కనబడదు. రెక్కల అడుగున ఇటుక ఎరుపు ఉంటుంది, ఎగిరితేనే తెలుస్తుంది. ఒకదాన్నొకటి తరుముకునేటప్పుడు మగవి చిటికెలు వేసినట్టు చప్పుడు చేస్తాయి. అందుకే ఆ పేరు.

కొనేవాడు పెద్ద నీలం రకాన్నే అడుగుతాడు. వీటిని ఎవరూ కొనరు. అయినా అన్సెల్మో చిన్నప్పటి నుంచి వీటినే పెంచేవారు. "వీటిని ఎవరూ కొనరు కదండీ" అని నేనంటే, "అందుకే మన దగ్గరే ఉంటాయి" అనేవారు.

కిరసనాయిలు వద్దు. పిన్నిగారికి నా నమస్కారాలు. నేను బడికి వెళ్ళింది తక్కువ. తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు
ఎలాదియో విందాస్


సాన్ కార్లోస్
9 డిసెంబర్ 1993

మామగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. పురుగులు లావెక్కి, కంచెకీ చూరుకీ వేలాడి గూళ్ళు కట్టుకున్నాయి. రోజూ లేవగానే ముందు వాటిని చూసి, తర్వాతే మొహం కడుక్కునేదాన్ని. మొన్న మాత పండగకి పిన్ని ఇల్లంతా బూజు దులిపింది. నేను బజారు నుంచి వచ్చేసరికి పెరట్లో చెత్త మంట.

"ఎండుటాకులనుకున్నానే తల్లీ! మాత తోడు, ఎండుటాకులే అనుకున్నాను" అని పిన్ని నాకంటే గట్టిగా ఏడ్చింది. ఊరంతా వీధుల్లో మాతకి జేజేలు కొడుతుంటే మేమిద్దరం బూడిద కెలుకుతూ కూర్చున్నాం. వెదురు సందుల్లో ఇరుక్కున్నవి కొన్ని మాత్రం బతికాయి. వాటిని పెట్టెలో దాచాను.

మామగారూ, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. నన్ను మీరు, గారు అని రాస్తున్నారు. ఆ ఉత్తరం చదువుతుంటే తాలూకా కచేరీ నుంచి వచ్చినట్టుంది. అన్సెల్మో కూడా మొదట్లో నాతో ఇలాగే 'మీరు' అనేవాడు. "నేనేమైనా పంతులమ్మనా?" అని ఏడిపించి ఏడిపించి మాన్పించాను. మీరు కూడా నువ్వు అనండి. నేను పరాయిదాన్ని కాదు కదా.

ఇంకో సంగతి. పిన్ని ఇల్లు ఇరుకు. ఆమె కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ ఇక్కడే. నదిలో పడవ నడిపే ఫెర్మిన్ అనే ఆయన ఉన్నాడు. మన ఉత్తరాల సంచి మోసేది కూడా ఆయనే, ప్రతి గురువారం. మంచివాడు. నన్ను అడుగుతున్నాడు. పిన్ని ఒప్పుకోమంటోంది. నాకు మనసు లేదు. మీ దగ్గరికొచ్చి ఆ చిలుకల పని నేర్చుకుని, అన్సెల్మో పెరిగిన ఇంట్లో ఉండాలని ఉంది. ఇంకొకటి కూడా చెప్పాలి, అది ఎదురుగానే చెప్తాను.

ఒక్క మాట రాయండి చాలు. రా అనండి, వస్తాను.

మీ కోడలు
నిడియా


సాంతా రీతా కొండ
20 డిసెంబర్ 1993

నిడియా గారికి,

మీ ఉత్తరం అందింది. గూళ్ళు తుడిచేయడం ఎక్కడైనా జరిగేదే. నా భార్య ఎర్మీదా బతికున్న రోజుల్లో ఒకసారి ఇలాగే చీపురుతో ఎత్తి పారబోశారు. పిన్నిగారిని బాధపడవద్దనండి.

మీరు రాయమన్న సంగతి. ఇల్లు మీ ఆజ్ఞ కోసం సిద్ధంగా ఉంది. రావడం, రాకపోవడం మీరు ఆలోచించుకుని నిర్ణయించుకోవలసింది. నేను బలవంతం చేయడం మర్యాద కాదు. పైగది పొడిగా ఉంటుంది. దాని కిటికీకి కొత్త తలుపు పెట్టాను, చెక్క మిగిలితే.

జనవరి ఆరు, ముగ్గురు రాజుల పండగ, గురువారం పడింది. ఆ రోజు నేను నదికి మా వైపున్న లోస్ చిలెస్ రేవులో ఉంటాను. మీకు వీలైతే రావచ్చు. నలుపు కట్టుకుని ఉంటారు కనక గుర్తుపడతాను.

'మీరు' అన్న మాట గురించి రాశారు. అలా అనక ఇంకెలా అనాలో నాకు తెలియలేదు. మన్నించగలరు.

ఇక్కడ చలి పెరిగింది. నీలం రకం గుడ్లు తక్కువగా పెడుతున్నాయి.

ఇట్లు
ఎలాదియో విందాస్


సాంతా రీతా కొండ
7 జనవరి 1994

నిడియా గారికి,

నిన్న రేవుకి వెళ్ళాను. పడవలన్నీ పోయేదాకా ఉన్నాను. మీరు రాలేదు.

కారణం ఉండే ఉంటుంది. అడగను. మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి. నా గురించి ఆలోచించనక్కర్లేదు.

గాలి ఎక్కువగా ఉంది. కుక్క కాల్లో ముల్లు విరిగింది, తీశాను.

ఇట్లు
ఎలాదియో విందాస్


సాన్ కార్లోస్
8 జనవరి 1994

దోన్ ఎలాదియో గారికి,

నేను వచ్చాను. మీరు రాలేదు.

పొద్దున్నే ఫెర్మిన్ పడవలో దిగాను. నలుపు చూసి గుర్తుపడతానని రాశారు. నా నల్ల గౌను కడుపు దగ్గర పట్టలేదు మామగారూ. ఎదురుగా చెప్తానన్నది ఇదే. అన్సెల్మో బిడ్డ. అతనికి చెప్పేంత కూడా నాకు తెలియకముందే పోయాడు. పిన్ని పసుపు గౌను అరువు తెచ్చుకుని, జడకి నల్ల రిబ్బను కట్టుకున్నాను. ఎండకి నెత్తిన టోపీ పెట్టాను. ఒళ్ళో గూళ్ళ పెట్టె పెట్టుకుని రేవు బల్ల మీద కూర్చున్నాను. "పిలిచినవాడి ఇంటికే వెళ్ళు. నీ అంతట నువ్వు నోరు తెరిచి అడుక్కోకు" అని పిన్ని చెప్పి పంపింది. పెద్దవాళ్ళ పేరు పట్టుకుని రేవులో చేపలమ్మేదానిలా అరవడం నాకూ బాగోలేదు. ఎవరైనా నిడియా అంటారేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను.

పడవవాళ్ళు ఊరుకుంటారా? "ఏమ్మా, కడుపులో వాడు కూడా టిక్కెట్టు కొన్నాడా?" అని ఒకడు. "వాడు రాజుల పండగ రాజు, వాడికి ఉచితం" అని ఫెర్మిన్. నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేదాన్ని.

ఆ రేవులో నాతో మంచిగా ఉన్నది ఒక్క ముసలాయనే. పొట్టిగా, బక్కగా, గోడకి ఆనుకుని పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. చాలాసేపు అక్కడ మనిషున్నాడనే నేను చూడలేదు. "ఎవరికోసం తాతా?" అని అడిగాను. "ఊరికే" అన్నాడు. "నేనూ ఊరికే" అన్నాను. ఆయన మళ్ళీ నది వైపు తిరిగాడు. ఆఖరి పడవ కూత వేసినప్పుడు నా పెట్టె ఆయనే అందుకుని మెట్ల దాకా తెచ్చి ఇచ్చాడు. "జాగ్రత్తండీ, మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి" అన్నాడు. అరటాకులో కట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు నా చేతిలో పెట్టి, "ఇవి మిగిలిపోయాయి, తినండి" అన్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పడవలో ఫెర్మిన్, నేను తిన్నాం. పరాయివాడికి ఉన్న దయ సొంతవాళ్ళకి లేకపోయిందే అనుకున్నాను. రాస్తున్నందుకు మన్నించండి.

నది మధ్యలో పెట్టె గలగలమంది. మూత తీస్తే ఒకటి బయటికొచ్చి, పడవ గుంజకి అంటుకుంది. "ఏదీ? ఎక్కడ?" అని ఫెర్మిన్ వెతుకుతూనే ఉన్నాడు. అది ఎగిరిపోయేదాకా ఆయనకి కనబడలేదు.

నిడియా


సాన్ కార్లోస్
23 జనవరి 1994

దోన్ ఎలాదియో గారికి,

మీ ఏడో తారీఖు ఉత్తరం వచ్చింది. రేవుకి వచ్చానని రాశారు. పడవలన్నీ పోయేదాకా ఉన్నానని రాశారు. నేనూ ఉన్నాను. ఆ రేవు ఎంతుంటుంది?

పిన్నికి చదివి వినిపించాను. "వచ్చాడే అమ్మాయ్. దూరం నుంచి చూశాడు. విధవ నలుపు కట్టలేదు, కడుపుతో ఉంది, పడవవాళ్ళతో నవ్వుతోంది. ఆ బిడ్డ ఎవడిదో అనుకుని వెనక్కి తిరిగాడు" అంది. కాదని వాదించడానికి మీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. రా అన్న మాట ఒక్కచోట కూడా లేదు. అడిగినా 'నువ్వు' అనలేదు. చివరికి 'నా గురించి ఆలోచించనక్కర్లేదు' అన్నారు. సరే.

ఫెర్మిన్‌కి ఒప్పుకున్నాను. ఉపవాసాల లెంటు రోజులు మొదలయ్యే ముందు శనివారం పెళ్ళి. బిడ్డకి ఆయన పేరే ఉంటుంది. మీకు ఇబ్బంది లేదు.

నిడియా


సాంతా రీతా కొండ
27 జనవరి 1994

నిడియా గారికి,

మీ ఎనిమిదో తారీఖు ఉత్తరం ఈ రోజు అందింది. నేను రాయడం అలవాటు లేనివాణ్ణి. ఓపిక పట్టి చదవండి.

తాతా అని అడిగింది మీరు. ఊరికే అన్నది నేను.

మా కొండ మీద భర్త పోయినవారు ఏడాది నలుపు విడవరు. నేను నలుపు కోసమే చూశాను. పసుపు గౌను చూడలేదు. కడుపుతో ఉన్నారని మీరు రాయలేదు. దారిన కనబడ్డ ఆడవారి పేరు అడగడం మా దగ్గర తప్పు. అడగవలసింది. ఫెర్మిన్ గారు మీ చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించారు. ఆయన భార్య అనుకున్నాను. మంచి జంట అని కూడా అనుకున్నాను.

పెట్టె నా చేతిలో ఉంది. తేలిగ్గా ఉంటే రొట్టె అనుకున్నాను. ఇన్నేళ్ళు ఇదే పని చేసిన చేతులు.

తమాలెలు మీకోసమే వండాను. మీరే తిన్నారు. అదొక్కటే ఆ రోజు సరిగ్గా జరిగింది.

అన్సెల్మో చెప్పిన పెద్ద మనిషిని కాను. ఆయన చిన్నప్పుడు నన్ను కిందనుంచి చూసి ఉంటారు.

'మీరు' అన్న మాట గురించి ఇప్పుడు అర్థమైంది. మా ఇంట్లో అందరికీ అదే మాట. ఎర్మీదాతో ముప్పై ఏళ్ళు మీరు అన్నాను. ఉయ్యాలలో ఉన్న అన్సెల్మోతో "ఎందుకండీ ఏడుస్తున్నారు" అన్నాను. ఆవుతో "జరగండి" అంటాను, కుక్కతో "దిగండి" అంటాను. 'నువ్వు' అనేది సరుకు కొనేవాడితో, బేరం కుదరనప్పుడు. మిమ్మల్ని నువ్వు అనాలంటే నాకు చెయ్యి రాలేదు.

కిటికీ చెక్క మిగిలింది కాదు. దానికోసమే దేవదారు కొట్టాను. మంచం, ఉత్తరం రాసుకోవడానికి బల్ల కూడా చేశాను. పైకప్పు ఒక పక్క వాలింది, అది ఇంకా బాగుచేస్తున్నాను.

నిడియా గారూ, రండి. బిడ్డతో రండి. ముందు రావలసిన మాట వెనక వచ్చింది. సరిహద్దు దాటే కాగితం కోసం ఈ రోజే దరఖాస్తు ఇచ్చాను. ఆలస్యమవుతుందంటున్నారు. అది రాగానే నేనే వస్తాను. ఈలోపు మీరు వచ్చినా, ప్రతి గురువారం రేవులో ఉంటాను. ఈసారి పేరు పెట్టి పిలుస్తాను. గట్టిగా పిలుస్తాను.

ఎలాదియో


సాన్ కార్లోస్
22 మే 1994

మామగారికి,

మీ ఉత్తరం నాకు ఎప్పుడు అందిందో చెప్తాను. పెళ్ళికని ఫెర్మిన్ పడవని ఒడ్డుకి లాగి రంగులేశాడు. ఆ వారాలు పడవ నడవలేదు. సంచి లోస్ చిలెస్ తపాలా గదిలోనే పడి ఉంది. పెళ్ళయిన తర్వాతి గురువారం మొదటి సంచి తెచ్చి, అందులోంచి తనే ఏరి నా చేతిలో పెట్టాడు. "మీ మామగారిది, ఎన్నాళ్ళకో రాశారు" అన్నాడు పాపం, సంతోషంగా.

పెరట్లోకి వెళ్ళి చదివాను. తర్వాత మీకు రాసినవి రాసినట్టే చింపేశాను. మీరు గురువారం గురువారం రేవుకి వస్తున్నారేమోనని ఫెర్మిన్ పడవ తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఆయన్ని ఒకసారి అడిగాను, "ఆ గోడ దగ్గర తాత ఉన్నాడా?" అని. "ఏ తాత?" అన్నాడు.

పాప పుట్టింది. ఆరోగ్యంగా ఉంది. చెవులు మీవే. పడవ మెట్ల దగ్గర మీరు వంగినప్పుడు చూశాను ఆ చెవులు.

మామగారూ, ఇప్పుడు రావద్దు. ఫెర్మిన్ మంచివాడు. బిడ్డ ఎవరిదో తెలిసే చేసుకున్నాడు, తెలిసే తన బిడ్డేనని ఊరందరికీ చెప్పుకున్నాడు. మీరు వస్తే ఊరంతా పోలికలు వెతుకుతుంది. ఆయన తల ఎత్తుకోలేడు. పాపకి తర్వాత తర్వాత నేనే చెప్తాను, ఎప్పుడో తెలియదు. ఉత్తరాలు ఆయన సంచిలోనే వస్తాయి. ఆయన అడగడు, కానీ మొహం చిన్నబోతుంది.

అన్సెల్మో నాతో 'మీరు' అన్నప్పుడు నవ్వి మాన్పించాను. అతను నాకోసం ఏం మానుకున్నాడో మీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

పేరు ఎర్మీదా అని పెట్టాను. ఎవరి పేరని ఇక్కడ ఎవరికీ తెలియదు.

నిడియా


సాంతా రీతా కొండ
14 జూన్ 1994

నిడియా,

నీ ఉత్తరం అందింది. పాప, నువ్వు కులాసా అని తెలిసింది. మంచిది.

నువ్వు చెప్పినట్టే రాను. కాగితం మార్చిలోనే వచ్చింది, నీ పెళ్ళి ఉత్తరం తర్వాత. పెట్టెలో పెట్టాను. రేవుకి వెళ్ళడం మానేశాను.

ఈ ఉత్తరంలో నువ్వు అంటున్నాను, గమనించే ఉంటావు. నువ్వొకప్పుడు కోరి అడిగిన మాట. ఇప్పుడు ఇంకొకరి ఇంటి మనిషివి. నిన్ను మా ఇంటి మాటతో పిలిచే హక్కు నాకు లేదు. రాయడం కష్టంగానే ఉంది. అలవాటు చేసుకునే పని కూడా లేదు, ఇదే చివరి ఉత్తరం.

ఫెర్మిన్ మీద నాకు ఏమీ లేదు. ఆ రోజు నీ చెయ్యి జాగ్రత్తగా పట్టుకున్నాడు. కళ్ళారా చూశాను.

పాప పాకడం మొదలెట్టాక కంచె దగ్గరికి పోనివ్వకు. పురుగు ఏమీ చేయదు, తీగే మండుతుంది. మండితే మగ్గిన అరటిపండు గుజ్జు రాయి.

వాన పట్టింది. ఆకు బాగా చిగిర్చింది.

ఒక్క కోరిక ఉంది. వీలైతేనే. ఆవిడ నిద్రపోయేటప్పుడు, పక్కన ఎవరూ లేనప్పుడు, ఒకసారి చెవి దగ్గర "ఎర్మీదా గారూ, మీరు బాగున్నారా?" అని అడుగు. ఎవరు అడగమన్నారో చెప్పనక్కర్లేదు.

ఎలాదియో